దొడ్డిలో గొంగడి, ఏటి ఒడ్డున గుర్వమ్మ

కల్వకుర్తి శివారులో గుర్వమ్మ వాకిలి ముందు నుంచి నడిచేవాళ్లు ఎక్కడికి పోతున్నారో, ఎందుకు పోతున్నారో, మళ్లీ ఎప్పుడొస్తారో చెప్పకుండా దాటిపోవడం కష్టం. అటువంటి గుర్వమ్మ ఇంట్లోనే, ముందు గదుల్లో సతీశ్, ప్రవళిక కిరాయికి దిగారు. పెళ్లయి ఏడాది కూడా కాని జంట. ఇల్లు కదలకుండా కంప్యూటర్ల మీదే కొలువు చేసుకునేవాళ్లు. ఇక ఆమెకు వేరే కాలక్షేపం ఎందుకు?

శివరాత్రి ముందర ఒక సాయంత్రం ఆమె మేకపాలు పట్టుకుని పోయేసరికి, ఆలుమగలిద్దరూ ఫోన్ మధ్యలో పెట్టుకుని వాదులాడుకుంటున్నారు.

"ఏందిరా బిడ్డా? మీ లొల్లి బజార్ల దాక వినవడుతాంది."

"నువ్వే చెప్పవ్వా," అన్నది ప్రవళిక. "పెళ్లయినంక మొదటిసారి ఇద్దరం కరీబియన్ దీవులకు పోదామనుకున్నం. సముద్రం ఒడ్డుకు ఇసుకల పండుకుందామని నేనంటున్న. ఈయనేమో చెట్టుకూ చెట్టుకూ కట్టిన తాడు మీద జారుతడట. నీళ్లల్ల మునిగి చేపల్ని చూస్తడట."

"ఊకె పండుకోనీకి గంత దూరం ఎందుకవ్వా? ఇంట్ల మంచం లేదా?" అన్నాడు సతీశ్.

గుర్వమ్మ ఫోన్ లాక్కుని చూసింది. నీలం నీళ్లు, తెల్లటి ఇసుక. అక్కడ ఎండ ఎంతుంటుంది, రొట్టెలు దొరుకుతాయా, తాడు తెగితే ఎవరిది పూచీ, అన్నీ అడిగింది. చిట్టచివరికి అసలు మాట అడిగింది.

"మరి మీరు పోతే ఇంటికాడ ఎవరుంటరు?"

"ఎవరుంటరు? తాళమేస్తం. ఇద్దరం కలిసే పోతం."

గుర్వమ్మ ఫోన్ తిరిగి ప్రవళిక చేతిలో పెట్టింది. పాలచెంబు అక్కడే మరిచి వచ్చేసింది.

ఇద్దరూ కలిసి పోవడమనేది ఆమె ఎరగదు. మంద ఉన్న ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సిందే. పెళ్లికి ఆమె పోతే పెనిమిటి పర్వతాలు దొడ్డి కాడ, చావుకు అతను పోతే ఆమె దొడ్డి కాడ. సొంత తమ్ముడి పెళ్లిలో కూడా ఆమె ఒక్కతే అక్షింతలు వేసి వచ్చింది. ఇక్కడ గడ్డి ఎండిపోగానే పర్వతాలు మందను తోలుకుని ఆత్మకూరు దిక్కు, కృష్ణ ఒడ్డుకు వలసపోయేవాడు. నడవలేని గొర్రెపిల్లల్ని గంపల కింద మూసి, ఆకు మేపుకుంటూ ఆమె ఇక్కడే ఉండేది.

వానలు పడ్డాక అతను తిరిగొచ్చేవాడు. రాగానే భుజం మీది గొంగడి తీసి ఆమె చేతికిచ్చేవాడు. వాకిట్లో దులిపితే జలజలా ఏటి ఇసుక రాలేది. అప్పటికింకా కొత్తకోడలు గుర్వమ్మ ఆ ఇసుక మీద పాదం ఆనించి అడిగిందే అడిగేది. ఏరు ఎంత వెడల్పు? నీళ్లది ఏం రంగు? ఉత్త ఇసుకలో దోసతీగ ఎట్లా పారుతుంది? పర్వతాలు చుట్ట ముట్టించి, తోడేలును తరిమిన కథతో మొదలుపెట్టి అన్నీ చెప్పేవాడు. ఆఖరికి, "వచ్చే యేడు నిన్ను గూడ దీస్కపోత తియ్యి," అనేవాడు.

ఆ వచ్చే ఏడు రానేలేదు. ఇప్పుడు మోకాళ్లు పట్టేసి అతను వలసే మానుకున్నాడు. దొడ్డి నిండా ఉండే మంద ఒక మూలకొచ్చింది.

ఆ పూట అన్నం పెడుతూ అడిగేసింది. "ఏమయ్యా, నన్ను ఏటికి దీస్కపో."

"ఏ ఏటికే?"

"ప్రతి యేడు గొంగట్ల మోసుకొచ్చినవు గద, గా ఏటికే. ఇద్దరం పోదాం."

"పిచ్చి లేసిందా? జీవాలనెవరు జూస్తరు?"

"తాడు మీద జారెటోళ్లు ఇంట్లనే ఉన్నరు. ఒక్క దినం గొర్లను జూడలేరా?"

పర్వతాలు అన్నం కలుపుతూనే ఉన్నాడు. గుర్వమ్మ గొంతు తగ్గింది. "ఒక్కదాన్ని పోవాల్నంటే పోనా? ఆడోళ్లకు బస్సు కిరాయి గూడ లేదాయె. నువ్వు పక్కన ఉండి జూపియ్యకుంటే గా ఏరు నాకెందుకయ్యా?"

సతీశ్ సంబరంగా ఒప్పుకున్నాడు. "గొర్లే గదా తాతా, నేను జూస్తపో," అన్నాడు. బయటికి తోలొద్దని, దొడ్డిలోనే ఆకు వేయమని పర్వతాలు పదిసార్లు చెప్పాడు. బయలుదేరేటప్పుడు తన గొంగడి తీసి దడి మీద పరిచాడు. "నా వాసనుంటే బెదరవు," అన్నాడు.

బస్సులో గుర్వమ్మ ముందు సీట్లో కూర్చుంటే, అతను అలవాటు కొద్దీ పోయి వెనక నిలబడ్డాడు. వనపర్తిలో బస్సు మారాక ఆమె ఊరుకోలేదు. "ఇద్దరం పోవుడంటే గిదేనా? ఒకలు ముంగట, ఒకలు ఎనుక?" పర్వతాలు వచ్చి దొంగలా చుట్టూ చూసి, సీటు అంచున కూర్చున్నాడు.

ఏటి ఒడ్డున గుర్వమ్మ చెప్పులు విడిచింది. పాదం మునిగింది. వాకిట్లో రాలిన పిడికెడు ఇసుకకు ఇంత తల్లి ఉందా అనుకుంది. పర్వతాలు మంద పడుకున్న చోటు, రాళ్ల పొయ్యి పెట్టిన చోటు, తోడేలు దూరిన రాళ్ల సందు చూపించాడు.

"నువ్వు చెప్పంగ తోడేలు గుట్టంత ఉండె గదయ్యా. గీ సందుల కుక్క గూడ పట్టదు," అని ఆమె నవ్వింది.

అప్పుడే ఫోన్ మోగింది. అవతల సతీశ్ రొప్పుతున్నాడు. "తాతా, ఆకేద్దామని తలుపు తీస్తే ఒక గొర్రె తప్పించుకున్నది! ప్రవళిక దాని ఎంట ఉరికింది, గొర్రె ఎటువోయిందో దొర్కుతలేదు!"

పర్వతాలు బస్సుల తొవ్వ దిక్కు తిరిగాడు. గుర్వమ్మ వంగి చెప్పులు చేతిలోకి తీసుకుంది. అతను ఆ చెప్పుల వంక చూశాడు.

"ఉరకకురా అయ్యా," అన్నాడు ఫోన్‌లో. "తలుపు దగ్గరికేసి గొంగడి కాడ కూసో. పొద్దుమీకేటాలకు అదే వస్తది."

ఫోన్ జేబులో పెట్టి ఇసుకలో చతికిలబడ్డాడు.

"నిజంగ వస్తదా?" అన్నది గుర్వమ్మ.

"వస్తదో రాదో. నువ్వు కూసోయే."

ఆమె కూర్చుంది. పొద్దు వాలుతుంటే గాలి లేచింది. పర్వతాలు భుజాలు దగ్గరికి ముడుచుకున్నాడు. "గొంగడి లేకుంట ఈడ కూసున్నది గిదే మొదలు. గింత సలిగాలని నాకే తెల్వదు." ఆమె కొంగు విప్పి అతని వీపు చుట్టూ కప్పి, దోసతీగల సంగతి మళ్లీ మొదటి నుంచి అడిగింది.

తిరుగు బస్సులో ఉండగా ప్రవళిక ఫోన్ చేసింది. గొర్రె వచ్చి గొంగడి కింద నిలబడిందట. "అవ్వా, ఒక్క గొర్రెకే ఈయన పని అయిపోయింది, తాడు మీద జారుడు బంద్. ఇసుకల పండుడే ఖాయం!"

తెల్లారి గుర్వమ్మ వాకిట్లో కొంగు దులిపితే ఇసుక రాలింది. చుట్టుపక్కల ఆడవాళ్లు చేరి, ఏరు ఎంత వెడల్పుందని అడిగారు. ఆమె తోడేలు కథతో మొదలుపెట్టింది. గుట్టంత తోడేలు. దొడ్డి కాడ చుట్ట ముట్టిస్తున్న పర్వతాలు కాదనలేదు.