డెస్మండ్ కుడి, నా కుడి

మా ఆయన డెస్మండ్‌కి రెండు విషయాల మీద గట్టి నమ్మకం. తను బిగించిన నట్టు ఊడదు. నాకు కుడీ ఎడమా తెలియవు.

రెండోది మా ఊరు క్రాడ్లీ హీత్ అంతా చాటింపు వేశాడు. పెళ్ళైన కొత్తలో మ్యాపు ఒళ్ళో పెట్టుకుని దారి చెబుతూ, వేల్స్‌లో బార్మత్ సముద్రతీరానికి తీసుకెళ్ళాల్సినవాణ్ణి ఒక గొర్రెల దొడ్డికి తీసుకెళ్ళాను. ఒక్కసారే. ఆ కథ మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ టర్కీ కోడితో పాటు మా బల్ల మీదికి వస్తుంది. "గ్వెండాకి గాజులు తొడిగించండి, ఎర్రవి కుడి, పచ్చవి ఎడమ" అని మా మరిది కూడా అంటాడు.

ఇక ఆ కారు. గొలుసుల కార్ఖానాలో పనిచేసే రోజుల్లో డెస్మండ్ ఒక పాత కారు చట్రం కొని, దాని మీద బిగించుకునే ఫైబర్ బాడీని ముక్కలుగా పెట్టెల్లో తెప్పించుకుని, రెండు చలికాలాలు షెడ్డులో కూర్చుని తయారు చేశాడు. ఆకుపచ్చ రంగు, రెండు సీట్లు, పైన కప్పు లేదు. వానొస్తే తడిసేవాళ్ళం, ఎండొస్తే ఆరేవాళ్ళం. ఏటా వేసవిలో అందులోనే బార్మత్ వెళ్ళేవాళ్ళం. నాకు అంతకన్నా సుఖం ఏదీ గుర్తు లేదు.

ఆ కారు ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఒక్కోదాని కింద ఒక ఇత్తడి కీలు ఉండేది. దానికి నూనె పోయాలని కారు పుస్తకంలో ఉంది. మా మహానుభావుడు గ్రీజు పెట్టాడు. నూనె కారిపోతుందట, గ్రీజు నిలబడుతుందట. ఒక ఆదివారం రోడ్ల కూడలిలో రౌండ్ తిరుగుతుంటే నా వైపు కీలు విరిగి, చక్రం కారు కిందికి మడతపడిపోయింది. దెబ్బలేం తగల్లేదు. నేను దిగి, బ్యాగు భుజాన వేసుకుని, బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

"ఆ ముందు సస్పెన్షన్ మొత్తం తీసేసి మంచిది పెట్టేదాకా అందులో ఎక్కను," అన్నాను.

డెస్మండ్ మళ్ళీ అలాంటి కీలే తెచ్చి బిగించాడు. మొత్తం మారిస్తే తప్పు తనదని ఒప్పుకున్నట్టే కదా! అప్పట్నుంచీ అతను కారులో, నేను రైల్లో. బార్మత్ ఒడ్డున కలుసుకుని, ఒకే పొట్లంలో చిప్స్ తిని, మళ్ళీ ఎవరి దారిన వాళ్ళం. పదకొండేళ్ళు అలాగే సాగింది. మొండితనంలో నేనేం తీసిపోయానులే.

కిందటి చలికాలం అతని కుడి కన్ను మసకబారింది. రెండోది కూడా అంతంతమాత్రమే. డాక్టరు చుక్కల మందు రాసి, ఇక బండి నడపొద్దన్నాడు. డెస్మండ్ లైసెన్స్ తిరిగి పంపేశాడు. పాత కార్ల క్లబ్బులో ఎప్పట్నుంచో ఆ కారు మీద కన్నేసిన క్లైవ్ వచ్చి, దాని చుట్టూ తిరిగి, తన షెడ్డులో పడుతుందో లేదో టేపుతో కొలుచుకున్నాడు. ఆ రాత్రి డెస్మండ్ పళ్ళెంలో బేకన్ అలాగే చల్లారిపోయింది. నేను ఆ పళ్ళెం పక్కకి జరిపాను.

"నేను నడుపుతాను," అన్నాను.

"నువ్వా? కుడీ ఎడమా తెలియని నువ్వా?"

"ముందు సస్పెన్షన్ మార్చు. నడుపుతాను. లేదంటే క్లైవ్‌కి ఇచ్చెయ్. నీ ఇష్టం."

మర్నాడు నేను లేచేసరికి కారు ముందు చక్రాలు ఊడదీసి, స్టాండ్ల మీద ఎత్తిపెట్టి ఉంది.

పాత సామాన్ల యార్డు నుంచి వేరే కారు తాలూకు సస్పెన్షన్ ఆర్మ్‌లు, స్ప్రింగులు, బాల్ జాయింట్లు తెచ్చాడు. కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేయించాడు. కళ్ళకి సరిగ్గా ఆనక, వేళ్ళతో తడుముకుంటూ బిగించాడు. నేను లైటు పట్టుకున్నాను. "లైటు నా మొహం మీద కాదు తల్లీ, నట్టు మీద వెయ్," అని కసిరినా, అతను మళ్ళీ మనిషిలా మాట్లాడుతున్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

పని పూర్తయ్యాక నన్ను సీట్లో కూర్చోబెట్టి, తను కారు ముందు నిలబడ్డాడు.

"కుడికి తిప్పు!" తిప్పాను. "భేష్! ఎడమకి!" తిప్పాను. "బ్రహ్మాండం! పద, సందులోకి తియ్!"

మా గేటు దాటగానే కుడికి తిరగాలి. నేను కుడికే తిప్పాను. కారు ఎడమకెళ్ళి పక్కింటి నోరీన్ కంచెలో ముక్కు పెట్టింది. కంచె వెనక నోరీన్ టీ కప్పుతో నిలబడి ఉంది.

"మా ఇంటికి రావాలంటే గుమ్మం అటుంది గ్వెన్," అంది.

"కుడికి తిప్పమన్నాను కదే!" అని డెస్మండ్ నెత్తి కొట్టుకున్నాడు.

తిప్పింది కుడికేనని నా చేతులకి తెలుసు. కానీ ఇన్నేళ్ళుగా చెవిలో నూరిపోసిన మాట చేతులకన్నా గట్టిగా పలికింది. నావల్ల కాదనుకున్నాను. లోపలికెళ్ళి, "క్లైవ్‌ని శనివారం రమ్మను," అన్నాను. అతను ఫోన్ చేశాడు. ఇద్దరం ఏడవలేదు గానీ, ఏడ్చినా అంతకన్నా నయంగా ఉండేది.

మర్నాడు పొద్దున్న అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి, కంట్లో చుక్కలు వేయబోయాను. మొదట్లో నేను తడబడేదాన్ని. అతని కుడి కన్ను నాకు ఎడమ పక్కన కదా ఉండేది! అది తట్టగానే సీసా చేతిలోనే ఆగిపోయింది.

"డెస్మండ్, నిన్న కుడికి తిప్పమన్నప్పుడు నువ్వు ఎక్కడ నిలబడ్డావు?"

"కారు ముందు."

"ఎటు చూస్తూ?"

"నీ వైపే చూస్తూ..."

"చక్రాలు ఎవరి కుడికి తిరిగాయి నాయనా?"

అతను అలాగే లేచి ఇంటి చెప్పులతోనే షెడ్డుకి పరిగెత్తాడు. చుక్క కంట్లో కాక అతని చెంప మీద పడింది.

సంగతేమిటంటే, స్టీరింగ్ తిప్పితే అటూ ఇటూ జరిగే పళ్ళ కడ్డీ ఇదివరకు చక్రాల ఇరుసుకి ముందు ఉండేది. కొత్త భాగాలకి అది వెనక ఉండాలి. డెస్మండ్ దాన్ని ఉన్నదున్నట్టు వెనక్కి జరిపాడు. దాంతో కారు చెప్పిందానికల్లా ఎదురు తిరిగింది. ఎడమ పక్క స్టీరింగ్ ఉండే దేశాల కడ్డీ తెచ్చి తలకిందులుగా బిగిస్తే సరిపోతుందట. ఫ్రాన్స్ నుంచి తెప్పించాడు.

అది రాకముందే శనివారం వచ్చింది, ట్రైలరుతో సహా క్లైవ్ వచ్చాడు.

"అమ్మడం లేదు," అన్నాడు డెస్మండ్.

"అదేంటి, మీ ఆవిడకి కుడీ ఎడమా తెలియవన్నావుగా?"

డెస్మండ్ నా వైపు చూశాడు. "ఆవిడ సరిగ్గానే తిప్పింది. నేనే తప్పుగా బిగించాను."

"గ్రీజు సంగతి కూడా చెప్పు," అన్నాను.

"గ్రీజు కూడా నాదే తప్పు," అన్నాడు, చెవులదాకా ఎర్రబడి. పదకొండేళ్ళకి ఆ మాట విన్నాను. వెంటనే లోపలికెళ్ళి టీ పెట్టాను, నా మొహం వాళ్ళకి కనబడకుండా.

కొత్త కడ్డీ బిగించాక, జూన్‌లో ఇద్దరం బార్మత్‌కి బయల్దేరాం. అప్పుడు కీలు విరిగిన రౌండ్ దగ్గర డెస్మండ్ ఎడమ సీట్లో తలుపు పట్టుకుని బిగుసుకుపోయాడు. నేను తిప్పిన వైపే కారు తిరిగింది. గుంతల్లో కూడా మెత్తగా పోయింది. వేల్స్ కొండల్లోకి వచ్చాక అతను దారి కళ్ళతో చూసి కాక జ్ఞాపకంలోంచి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇప్పుడొచ్చే చీలిక దగ్గర ఎడమకి, గ్వెన్. ఎడమకి."

ఎడమకే అని నాకు తెలుసు. కుడికి తిప్పాను.

కాసేపటికి ఇంజన్ ఆపాను. డెస్మండ్ మెడ చాచి, మసక కళ్ళతో అటూ ఇటూ చూశాడు. సముద్రం చప్పుడు లేదు. గోడ అవతల ఒక గొర్రె అరిచింది. దాని వెనక ఇంకోటి.

"ఒసే గ్వెండా," అని అతను నవ్వడం మొదలుపెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈసారి తెలిసే తీసుకొచ్చావా?"