పెద్దల చేయి పడిన కాగితం

నాకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. రిటైరయ్యాక అది మరీ ముదిరింది. పేపరు సగం చదివి లేస్తాను, కాఫీ సగం తాగి లేస్తాను, మొక్కలకు నీళ్ళు పోస్తూ పోస్తూ గేటు దాకా వెళ్ళి వస్తాను. కాలుగాలిన పిల్లి అని మా ఆవిడ నాకు పేరు పెట్టింది. ముప్పై రెండేళ్ళు తరగతి గదిలో అటూ ఇటూ తిరిగిన కాళ్ళు పెన్షన్ కాగితం చూసి ఆగిపోతాయా అంటాను నేను. అందుకే రెండేళ్ళ కిందట ఏలూరు నుంచి ఎవరో ఫోన్ చేసి, ప్రాథమిక పాఠశాలల పిల్లలకు రచనల పోటీ పెడుతున్నాం, న్యాయనిర్ణేతగా రమ్మని అడిగితే, ఏ రోజు అని కూడా అడక్కుండా వస్తానన్నాను.

పోటీ ఒక శనివారం జరిగింది. మండలాల్లో నెగ్గిన పిల్లలంతా ఒక బడి హాల్లో చేరారు. అక్కడికక్కడే బోర్డు మీద అంశం రాశారు: ‘వాన కురిసిన రోజు’. గంట సమయం. ఆ గంటా నేను వరండాలో తిరుగుతూనే ఉన్నాను.

మా బడుల్లో పోటీ అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. వాన, చెట్టు, అమ్మ, మా ఊరు, నాకు నచ్చిన పండుగ, ఇలా పది పన్నెండు అంశాలకు టీచర్లే రాసి, పిల్లల చేత బట్టీ పట్టించి పంపుతారు. ఏది తగిలితే పిల్లలు అది దించేసి వస్తారు. ఇది తప్పని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. మా ఇంట్లో బీరువా పైన ఉన్న కప్పుల్లో సగం నా పిల్లలకు నా రాతతోనే వచ్చాయి. కాబట్టి బట్టీ కాగితాన్ని పట్టుకోవడంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని నాకు లోలోపల గర్వం.

కాగితాలు దిద్దడం మొదలుపెట్టాం. కాగితం పడవలు, కప్పల బెకబెకలు, ఆనందంతో చిందులేసే రైతన్నలు. ఒకటి చదివితే అన్నీ చదివినట్టే. విసుగొచ్చి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. అప్పుడు తగిలింది ఆ కాగితం. కొల్లేటి పక్క ఊళ్ళో నాలుగో తరగతి చదివే పిల్ల రాసింది. అర పేజీ కూడా లేదు.

‘మబ్బు పట్టిన రోజు మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. నాన్న అన్నం మధ్యలో లేచి వెళ్ళిపోతాడు. అమ్మ మోకరించి ప్రార్థన చేసుకుంటుంది. పెన్ను అయిపోయినా నేను ఏమీ అడగను. ఎండ వచ్చాక అడుగుతాను.’

ఇంకో నాలుగైదు వాక్యాలున్నాయి, అన్నీ ఇలాంటివే. ఎక్కడా కప్ప లేదు, పడవ లేదు. నాతో పాటు దిద్దుతున్న ఒకావిడ చదివి, బావుందండీ అన్నారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. మబ్బు పడితే పిల్లలు గంతులేస్తారు గానీ గొంతు తగ్గించుకుంటారా? పైగా ఆ వాక్యాలు పొదుపుగా ఉన్నాయి. ఏ అక్షరమూ ఎక్కువ లేదు. ఇది పదేళ్ళ పిల్ల రాత కాదు, కథలు రాసే అలవాటున్న పెద్దవాళ్ళెవరో రాసిచ్చారని తేల్చేశాను. ఆవిడ కాదన్నారు. నేను గట్టిగా వాదించాను. నా వయసు చూసి ఆవిడ ఊరుకున్నారు. కాగితం పైన ఎర్ర పెన్నుతో ‘పెద్దల చేయి పడింది’ అని రాసి పక్కన పెట్టాను.

అక్కడితో ఆగినా బావుండేది. బహుమతులు ఇచ్చేశాక ఆ పిల్ల టీచరుగారిని వెతికి పట్టుకున్నాను. ఆవిడ ఆ బడికి కొత్తగా బదిలీ మీద వచ్చారట. పక్కనే పిల్ల, చేతిలో టిఫిను డబ్బా.

“ఏవండీ, మనమే రాసిచ్చి పంపితే పిల్లలేం నేర్చుకుంటారండీ?” అన్నాను.

నేను రాయలేదండీ అన్నారావిడ, ముఖం ఎర్రబడింది. మీరు కాకపోతే ఇంట్లో ఎవరో అన్నాను. చుట్టూ పది మంది వింటున్నారు. ఆ పిల్ల నా ముఖంలోకి ఒక్కసారి చూసి తల దించుకుంది. దొరికిపోయిన చూపు అనుకున్నాను. ఆ సాయంత్రం తాడేపల్లిగూడెంలో మా ఇంటికి వచ్చి మా ఆవిడకు గొప్పగా చెప్పుకుంటే, పాము కాళ్ళు పాముకే తెలుస్తాయి మరి అని నవ్వింది.

వేసవి సెలవులు అయిపోయాయి. వానాకాలంలో పాత స్నేహితుడొకాయన ఆకివీడులో గృహప్రవేశం పెట్టుకుంటే పొద్దున్నే బస్సెక్కాను. మూడు రోజులుగా ఎండ లేదు. గణపవరం దాటాక రోడ్డుకి రెండు వైపులా చేపల చెరువులే. పక్క సీటులో ఉన్నాయనకు మొదటి నుంచీ ఫోను మీద ఫోను. నాకు మాట్లాడకుండా కూర్చోవడం చేతకాదు కదా, ఊరూ పేరూ అడిగాను. ఆయన వినిపించుకోలేదు. నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది. ఇంతలో ఒక చెరువు గట్టు మీద మనుషులు పరుగులు పెట్టడం కనిపించింది. ఇంజను పెట్టి నీళ్ళు తోడి మళ్ళీ అదే చెరువులోకి చిమ్ముతున్నారు. ఇద్దరు పడవ మీద గుండ్రంగా తిరుగుతూ నీళ్ళు కలబెడుతున్నారు. నీటి మీద ఎక్కడ చూసినా తెరుచుకున్న చేపల నోళ్ళు. ఏమైందండీ అన్నాను.

“మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గిపోద్దండి. చేప పైకొచ్చి నోరు తెరుస్తాది. ఓ గంట ఆలస్యమైతే చెరువు చెరువంతా చచ్చి తేలిపోద్దండి,” అన్నాడాయన. ఫోను ఒళ్ళో పెట్టుకుని, “ఏమనుకోకండి. మబ్బు పట్టిందంటే మాకు మాట రాదండి,” అన్నాడు.

ఆ పిల్ల కాగితంలో మొదటి వాక్యమూ ఇదే. గృహప్రవేశంలో ఏం తిన్నానో, ఎవరితో ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఇంటికి రాగానే కాగితాల కట్ట దింపాను. మంచివి ఏరి చిన్న పుస్తకం వేద్దామని నిర్వాహకులు అవి నా దగ్గరే ఉంచారు. ఆ పిల్ల కాగితం కట్ట అడుగున ఉంది. చదివాను. నాన్న అన్నం మధ్యలో ఎందుకు లేస్తాడో, అమ్మ ఎందుకు మోకరిస్తుందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ పిల్ల చూసింది చూసినట్టు రాసింది. ఊరూరా చెరువులున్న జిల్లాలో పుట్టి, ఎండా మబ్బూ చేపకేం చేస్తాయో నేనెప్పుడూ అడగలేదు. తాడేపల్లిగూడెం వాడికి చేపంటే మార్కెట్లో తూకం వేసేదే.

నాలుగు రోజులు ఇంట్లో నిలవలేకపోయాను. వాకిట్లోకి, వంటింట్లోకి, మళ్ళీ వాకిట్లోకి. “వెళ్ళి చెప్పి రండి. మీరిలా తిరిగితే గచ్చు అరిగిపోద్ది,” అంది మా ఆవిడ, ఈసారి నవ్వకుండా. ఎర్ర అక్షరాలు కొట్టేసి, ‘ఈ రచన ఈ పిల్ల స్వయంగా రాసినది, పొరపాటు నాది’ అని కింద రాసి సంతకం పెట్టి, ఆ కాగితం పట్టుకుని బయల్దేరాను.

రెండు గదుల బడి. వెనకే చెరువు గట్టు. టీచరుగారు నన్ను గుర్తుపట్టి నిలబడ్డారు గానీ కూర్చోమనలేదు. జరిగింది చెప్పి క్షమించమన్నాను. ఆవిడ కాగితం తీసుకుని చూశారు.

“నాలుగు రోజులు అడిగానండి, ఎవరు రాసిచ్చారే అని,” అన్నారు. “మీరంత పెద్దవారు అన్నారు కదా, ఊరికే అనరనుకున్నానండి. ముందు నేనే రాశానంది. చివరికి వాళ్ళ బాబాయి రాసిచ్చాడని ఒప్పుకుంది. ఇంకెప్పుడూ అలా చెయ్యనని క్లాసులో అందరి ముందూ చెప్పించానండి.”

నిజం చెప్పాలంటే ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అయితే నేనన్నదే నిజమన్నమాట. చేపల సంగతి తెలిసిన బాబాయి ఎవరో ఉండి ఉంటాడు. ఆ అర నిమిషం నేను ఎంత సంతోషపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకైనా మంచిదని పిల్లను పిలిపించమన్నాను. కొంచెం పొడుగైంది. చేతులు కట్టుకుని నిలబడింది. వంగి కాగితం చూపించి, ఇది నువ్వే రాశావు కదమ్మా, నాదే తప్పు అన్నాను. ఆ పిల్ల కాగితం వంక చూడలేదు. ముందు టీచరుగారి ముఖం చూసింది, తర్వాత నా ముఖం.

“నేను కాదండి. మా బాబాయి రాసిచ్చాడండి,” అంది.

భయం లేదమ్మా, నిజం చెప్పు అన్నాను. మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. ఎక్కడా తడబడలేదు. ఎండ వచ్చాక అడుగుతానని రాశావు కదా, ఏం అడుగుతావు అన్నాను. ఏమీ అడగనండీ అంది. టీచరుగారు వెళ్ళమంటే క్లాసులోకి వెళ్ళిపోయింది.

వరండా చివర మధ్యాహ్న భోజనం వండే ఆవిడ బియ్యం చెరుగుతోంది. ఆ పిల్ల ఇంటి పక్కనే ఉంటుందట. ఇదంతా వింటూనే ఉంది. చేట పక్కన పెట్టి మా వైపు తిరిగింది.

“బాబాయేంటండీ?” అంది. “వాళ్ళ నాన్న ఒక్కడే కొడుకండి. తల్లి వైపు కూడా ఎవరూ లేరు. ఆ పిల్లకి బాబాయి ఎక్కడున్నాడండీ?”

టీచరుగారు నా వంక చూడలేదు. నేనూ ఆవిడ వంక చూడలేదు. లోపల ఎక్కాలు మొదలుపెట్టారు. పిల్లలంతా ఒక్క గొంతుతో చదువుతున్నారు. అందులో ఆ పిల్ల గొంతు ఏదో పోల్చుకోవాలని చెవి పెట్టి విన్నాను. పన్నెండో ఎక్కం అయిపోయేదాకా అక్కడే, కదలకుండా నిలబడ్డాను. పోల్చుకోలేకపోయాను.