మా మామ నడిచిన ఫర్లాంగులు

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా ఆయనకు కర్నూల్లో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. రాష్ట్రం కొత్తది, రాజధాని కొత్తది. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి, గుమాస్తాలు చాలామంది గుడారాల్లోనే పడుకునేవాళ్ళు. సంసారం పెట్టడానికి గది దొరికే దారి లేదు. అందుకని నన్ను మైదుకూరు దగ్గర వాళ్ళ ఊళ్ళో అత్తామామల దగ్గర ఉంచి ఆయన వెళ్ళిపోయాడు.

మామ ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. కోడలితో అసలే మాట్లాడేవాడు కాదు. ఆ ఇళ్ళల్లో అది మర్యాద. ఆయన వసారాలోకి వస్తే నేను లోపలికి పోయేదాన్ని. దాహమైతే గోడతో చెప్పినట్టు "రొన్ని నీళ్ళు" అనేవాడు. నేను చెంబు గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగేదాన్ని.

అయినా ఆయన కాలి సంగతి ముందు కనిపెట్టింది నేనే. వంటింటి కిటికీలోంచి చేనికి పోయే దారి కనిపించేది. మామ పొద్దున్నే బయలుదేరి కొంత దూరం పోయి, పక్క చేలోకి చూస్తూ నిలబడేవాడు. మళ్ళీ కొంత దూరం పోయి మళ్ళీ నిలబడేవాడు. పైరు చూస్తున్నాడనుకున్నాను. కోతలైపోయాక కూడా ఆ చోటే ఆగి, ఏమీ లేని నేలను చూస్తుంటే అనుమానం వచ్చింది. ఒకరోజు వంగి ఎడమ పిక్కను రెండు చేతులా పిసుక్కోవడం చూశాను. అత్తకు చెప్పాను. అత్త ఆయన్ని నిలదీసింది.

"వయసు అయితాంటే కాళ్ళు పట్టుకోవా?" అన్నాడు మామ. ఆయనకు అప్పటికి అరవై కూడా నిండలేదు.

సెలవు మీద వచ్చిన మా ఆయన బలవంతాన ఆయన్ని కడపకు తీసుకుపోయాడు. అత్తకు చూపు ఆనదు. డాక్టరు చెప్పింది విని తర్వాత ఇంట్లో చూసుకోవడానికి ఇంటి మనిషి ఒకరు ఉండాలని నన్నూ రమ్మన్నారు.

డాక్టరు మద్రాసులో చదివిన పెద్దాయన. మామను బల్ల మీద పడుకోబెట్టి, పాదాల మీద వేళ్ళు ఆనించి చాలాసేపు కదలకుండా ఉన్నాడు. పాదం మీద కూడా నాడి చూస్తారని నాకు అప్పుడే తెలిసింది. కుడి పాదంలో సన్నగా ఉందన్నాడు. ఎడమ దాంట్లో తగలడమే లేదన్నాడు.

"రోజుకు చుట్టలు ఎన్ని?"

"లెక్క పెట్టలేదు సార్."

"ఇక లెక్కపెట్టే పని ఉండకూడదు. చుట్ట కావాలో కాలు కావాలో చూసుకోండి."

డాక్టరు చేతులు తుడుచుకుంటూ, "మీరు సేద్యం చేసేవాళ్ళు కదా. కాలువ పూడిపోతే నీళ్ళు ఏం చేస్తాయి?" అని అడిగాడు.

"పక్కన యాడ సందుంటే ఆడ పాయ తీసుకుంటాయి."

"కాలిలో నెత్తురు కూడా అంతే. ఇంట్లో కూర్చుంటే ఆ పాయలు వెడల్పు కావు. నడవాలి. నొప్పి బాగా పట్టేదాకా నడవండి. నిలబడండి. అది పోయాక మళ్ళీ నడవండి. రోజూ అరగంట తక్కువ కాకుండా. నొప్పి వచ్చిందని భయపడి మానొద్దు."

తర్వాత నా వైపు తిరిగి, చదువుకున్నావా అని అడిగాడు. ఎనిమిదో తరగతి అన్నాను. "అయితే రాసుకో. చెప్పులు లేకుండా ఈయన గడప దాటకూడదు. రోజూ వేళ్ళ సందులు చూడాలి. చిన్న పుండు పడినా ఆలస్యం చేయకుండా తీసుకురావాలి."

ఇంటికి వచ్చి, మా ఆయన కర్నూలు బస్సెక్కాక, మామ అడ్డం తిరిగాడు. పనీ పాటా లేకుండా రోడ్డు మీద తిరిగితే ఊరు నవ్వుతుందన్నాడు.

"కోడలు నీ ఎనక వస్తాది. ఆ డాక్టరు రాయించింది దాని చేతనే కదా," అంది అత్త.

"కోడలిని రోడ్డు మీద తిప్పుకుంటూ పోవాల్నా?"

"అయితే కాలు కోయించుకో."

మర్నాడు తెల్లవారాక ఇద్దరం రోడ్డెక్కాము. ముందు ఆయన, పది అడుగుల వెనక చెంబు పట్టుకొని నేను. అప్పట్లో ఆ రోడ్డు పక్కన ప్రతి ఫర్లాంగుకూ, మైలుకు ఎనిమిది లెక్కన, ఒక రాయి ఉండేది. మొదటి రాయి చేరకముందే ఆయన ఆగిపోయాడు. నేనూ ఆగాను. పసుపు బస్తాల బండ్లు మమ్మల్ని దాటిపోయాయి. బండ్లవాళ్ళు తిరిగి చూస్తుంటే నాకు సిగ్గేసి తల వంచుకున్నాను. ఆయన మెడ వెనక చెమట పట్టింది. రాయి దగ్గరికి పోయేసరికి రెండుసార్లు నిలబడ్డాడు. నాలుగు రోజులు ఒక్క మాట లేకుండా అట్లాగే పోయి వచ్చాము.

ఐదోరోజు ఆయన ఆగినప్పుడు నేను ఉండబట్టలేక అనేశాను. "నిన్న ఆ చింతచెట్టు కాడ నిలబడినారు మామా. ఈపొద్దు దాటినారు."

ఆయన వెనక్కి తిరగలేదు. "ఎన్ని అడుగులు?"

"ఇరవై పైనే."

"ఊఁ," అన్నాడు. మర్నాటి నుంచి ఆయనే అడిగేవాడు.

నడిచి వచ్చాక కాళ్ళు కడుక్కొని వసారాలో కూర్చునేవాడు. నేను ఎండ పడే వైపు కూర్చొని ఒక్కొక్క వేలూ విడదీసి చూసేదాన్ని. మొదటి వారం మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తర్వాత తర్వాత, "ఆ మడమ కాడ దురదగా ఉండాది, చూడు" అని తనే చెప్పడం మొదలుపెట్టాడు. పాదం మీద వేలు పెట్టి నాడి కోసం నేను కూడా వెతికేదాన్ని. దొరికేది కాదు.

రెండో నెలలో ఒకరోజు మామూలుగా ఆగే చోటికి చాలా ముందే ఆగిపోయాడు. పిక్క పిసుక్కుంటూ, "నిన్న గడ్డివామి చాటున రెండు చుట్టలు కాల్చినా. మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు.

"చెప్పను మామా. ఉండేవి ఇట్ల ఇయ్యండి."

రొంటిన దోపుకున్న మూడు చుట్టలు తీసి రాయి మీద పెట్టాడు. నేను వాటిని నలిపి మోరీలో పడేశాను. ఆ మర్నాటి నుంచి వేయించిన శెనక్కాయలు కొంగున కట్టుకొని పోయేదాన్ని. చుట్ట కోసం నోరు పీకినప్పుడు ఆయన చెయ్యి వెనక్కి చాచేవాడు.

ఎండలు ముదిరే రోజుల్లో నా కాలికి తుమ్మముల్లు దిగింది. చప్పుడు చేయలేదు గానీ, వెనక అడుగులు వినపడక ఆయన తిరిగి చూశాడు.

"ఏమైందమ్మా?"

"ముల్లు మామా. ఏం లేదు, పదండి."

ఆయన నా పాదాల వైపు చూశాడు. "నీ చెప్పులు యాడ?"

మా పుట్టింట్లో నాకు చెప్పులుండేవి. పెద్దవాళ్ళ ముందు కోడళ్ళు చెప్పులు తొడగరని మా అమ్మ అక్కడే ఉంచేసింది. ఆయనకు అది తెలియని సంగతి కాదు. ముల్లు తీసుకునేదాకా నిలబడి, ఆ పూట అక్కడి నుంచే వెనక్కి తిప్పాడు. సాయంత్రం ఒక్కడే చెప్పులు కుట్టే ఆయన ఇంటికి పోయాడు. వారం తిరక్కముందే కొత్త తోలు వాసనతో ఒక జత వచ్చింది. మామ వాటిని తెచ్చి గడప దగ్గర పెట్టాడు.

"కోడలు నీ ముందర తొడుక్కొని నడవాల్నా? ఊళ్ళో ఏమంటారు?" అంది అత్త.

"అనేటోళ్ళను ఒకపూట నా ఎనక ఉత్త కాళ్ళతో రమ్మను," అన్నాడు మామ.

మర్నాడు వాటితో నడిస్తే కిర్రుకిర్రుమని చప్పుడు. దాచుకునే వీలు లేదు. మొదటి ఫర్లాంగు దాటాక మామ అడుగు నెమ్మది చేశాడు. మా మధ్య పది అడుగులు నాలుగయ్యాయి.

వానలు పడే నాటికి నాలుగు రాళ్ళు ఆగకుండా దాటాడు. కడపలో డాక్టరు మళ్ళీ పాదం మీద వేళ్ళు పెట్టి చూశాడు. "నాడి ఇప్పటికీ తగలడం లేదు. జబ్బు పోలేదు. కానీ పాదం వెచ్చగా ఉంది, నడక పెరిగింది. ఇదే మందు. ఆపొద్దు," అన్నాడు. మామ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

ఎండాకాలంలో మా ఆయన సెలవు మీద వచ్చి పోయాడు; వానల నాటికి నాకు మూడో నెల. ఏడో నెలలో రాయచోటి దగ్గర మా పుట్టింటికి తీసుకుపోయారు. అక్కడికి మామ బడి అయ్యవారి చేత రాయించిన కార్డులు వచ్చేవి. క్షేమం అని ఒక ముక్క, మిగతా అంతా ఎన్నో రాయి దాకా నడిచాడో.

కొడుకు పుట్టిన నెలకు అత్తామామలు చూడవచ్చారు. బస్సు దిగే చోటి నుంచి మా ఊరు రెండు మైళ్ళు లోపల. మా నాన్న బండి పంపాడు. బండిలో అత్త ఒక్కతే కూర్చొని ఉంది. మామ పక్కన నడిచి వస్తున్నాడు. మా నాన్న కంగారుపడి ఎదురు పోతే, "మూడుసార్లే నిలబడినాలే అప్పా," అని నవ్వాడట.

బిడ్డతో అత్తగారింటికి తిరిగి వచ్చాక నేను మళ్ళీ రోడ్డు మీదికి పోలేకపోయాను. మామ ఒక్కడే పోయేవాడు. వచ్చి వసారాలో కూర్చొని, ఎవరి చేను దున్నారు, ఏ బావిలో నీళ్ళు పడినాయి, అన్నీ నాకు చెప్పేవాడు. నేను గోడకు ఇవతల బిడ్డకు పాలిస్తూ, ఊఁ కొడుతూ వినేదాన్ని. ఒక్కోసారి ఊఁ కొట్టడం మరిచిపోతే, "వింటాండావా అమ్మా?" అని ఆగేవాడు.