పేరులో ఉప్పు, పిండిలో ఉప్పు

మా మేనత్త పోయిందని తిరుత్తణి నుంచి వచ్చిన మొదటి బస్సు కండక్టరు చెప్పి వెళ్ళాడు. ఆమె ఊరివాడే. నేను తిరువళ్ళూరులో బడికి బయలుదేరుతున్నాను. సరే అన్నాను. వాకిలి తాళం వేసి, అటువైపు పోయే బస్సెక్కాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

నన్ను టీచరు ట్రైనింగుకు పంపమని మా నాయనతో పోట్లాడింది ఆమే. “మనమాదిరి దీనికీ వేలిముద్రలేనా?” అని అడిగిందట. ఏ విషయంలోనైనా తీర్పు ఆమెదే. మామకు మూత్రపిండాలు చెడ్డాయని, ఉప్పు తగ్గించాలని, నీళ్ళు కూడా కొలిచి తాగాలని తిరువళ్ళూరు డాక్టరు చెప్పిన రోజు, బయటికొచ్చి నాతో అంది: “ఉప్పు తిన్నోడు నీళ్ళు తాగాల్సిందే అంటారు. ఈయప్పకు రెండూ వద్దంట. ఇంకేం తిని బతికేది అమ్మీ?” మామ నవ్వాడు. అత్త నవ్వలేదు.

మర్నాడే ఊరగాయ జాడీ అటకెక్కింది. అప్పడాలు పక్కింటికి పోయాయి. ఇక ఉప్మా. మావైపు దాన్ని అరవంలోలాగే ఉప్పుమా అంటాం. “పేర్లోనే ఉప్పుండేదాన్ని తెలిసి తెలిసీ ఎట్లా పెడతా?” అంది. ఉప్పు మనం వేస్తేనే కదా అత్తా అంటే, “ఆ పాఠాలు బళ్ళో చెప్పుకో పో” అంది. ఇడ్లీ మాత్రం ఆమె దృష్టిలో పసిబిడ్డకు పెట్టే పలహారం. పొద్దునే నాలుగు, చట్నీ కూడా లేకుండా. “ఇంకోటి తినయ్యా” అని బతిమాలి వడ్డించేది. మామ కాళ్ళ వాపు తగ్గలేదు.

కొన్ని నెలలకు డాక్టరు పొద్దున ఏం తింటున్నారని అడిగాడు. ఇడ్లీ అని అత్త గొప్పగా చెప్పింది. “మావుల ఉప్పు పోడ మాట్టీంగళా?” అన్నాడాయన. పిండిలో ఉప్పు వెయ్యరా అని. అత్త తన కుడిచేతి వైపు చూసుకుంది. రోజూ సాయంత్రం రుబ్బడం అయ్యాక ఆ చేత్తోనే కల్లుప్పు వేసి కలిపేది. తెలియక కాదు, తోచలేదు. పేరులో ఉప్పు లేనిదానిలో ఉప్పు వెతకలేదు. అంత చదివిన నాకూ తోచలేదు.

ఆ తర్వాత ఉప్పు లేకుండానే రుబ్బింది. అయినా ఏడాది తిరక్కుండా మామ పోయాడు. కర్మంతరం నాడు నన్ను దొడ్లోకి పిలిచింది.

“నువ్వు చదువుకున్నదానివి. నిజం చెప్పు. ఆ ఇడ్లీలేనా?”

తెలియదన్నాను. తర్వాత వెళ్ళి డాక్టరును అడిగాను. మొదటిసారి తీసుకొచ్చేనాటికే మూత్రపిండాలు పూర్తిగా పాడయ్యాయని, ఇడ్లీ పెట్టకపోయినా ఇంతేనని అన్నాడు. ఆ మాట అత్తకు చెప్పాలి. ఊరికి వెళ్ళినప్పుడు చెబుదామనుకున్నాను. వెళ్ళాను. నేను వెళ్తే అన్నమే వండేది, ఇడ్లీ మాటెత్తేది కాదు. మానిన పుండును గెలకడమెందుకని నేనూ ఊరుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి.

శవాన్ని తీసుకెళ్ళాక, ఇల్లు కడుగుదామని వంటింట్లోకి వెళ్ళాను. ముందురోజు సాయంత్రం తన ఒక్కదానికోసం రుబ్బుకున్న పిండి పొంగి, మూతను పైకెత్తి, గిన్నె అంచు మీదుగా నేల మీదికి కారుతోంది. తుడుస్తూ తుడుస్తూ, ఎందుకో, వేలు నాలుకకు తాకించుకున్నాను.

ఉప్పు లేదు.