టీచరమ్మ వేళ్ళు విడేదాకా

మా టీచరమ్మ పోయారు. ఆసుపత్రిలో పదకొండు రోజులు మాట లేకుండా ఉండి, పన్నెండో రోజు ఉదయం కన్నుమూశారు. ఆ కబురు చెప్పడానికి పాస్టరుగారు గార్డెన్ రీచ్‌లోని మా క్వార్టర్ల వరస అంతా తిరగనక్కర్లేకపోయింది. మొదటి ఇంట్లో చెబుతుండగానే నాలుగో ఇంట్లో ఏడుపు వినబడింది. నేను ఏడవలేదు. చొక్కా వేసుకుని రేవుకి డ్యూటీకి వెళ్ళిపోయాను. ఓడలోంచి దించిన బస్తాల లెక్క రాసే పని నాది. ఆ రోజు మూడుసార్లు తప్పు రాశాను.

ఆమె మాకు బంధువు కాదు, పక్క గదిలో ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి వచ్చిన రేవు కూలీల పిల్లలకి ఒంటిగది తెలుగు బడిలో ముప్ఫై ఏళ్ళు అక్షరాలు దిద్దించారు. ఆదివారాలు మా ప్రార్థన మందిరంలో హార్మోనియం వాయించేవారు. భర్త ఎప్పుడో పోయాడు. పిల్లలు లేరు. నేను బడికి పోయినవాణ్ణి కాదు, బస్తాల మీది గుర్తులు చూసి చదవడం నేర్చుకున్నవాణ్ణి. రోజూ జరిగింది రోజూ రాసుకునే అలవాటు మాత్రం ఉంది. ఒకసారి ఆమె ఆ పుస్తకం అడిగి పుచ్చుకుని, రెండు రోజులుంచుకుని, ఎర్ర సిరాతో తప్పులన్నీ దిద్ది ఇచ్చారు.

"ఒత్తులన్నీ ఎక్కడ ఒగ్గీసినావు, లెక్కల బాబూ? ఓడలోంచి దిగలేదేటి?" అన్నారు.

నన్ను ఆమె ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఎప్పుడూ లెక్కల బాబునే.

పన్నెండేళ్ళ కిందట ఆమె చేతులకి కీళ్ళజబ్బు పట్టుకుంది. వయసు మీద పడి వచ్చే నొప్పులు కావట. ఒంటిని కాపాడవలసిన బలమే పొరబడి సొంత కీళ్ళ మీద పడి, వాపూ మంటా పుట్టించే రకం. పెద్దాసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆమె ఆ సంగతి నవ్వుతూ చెప్పారు.

"గోడౌనుకి కాపలాగా దర్వాన్‌ని పెట్టుకుంటే ఆడే తాళాలు బద్దలుగొడతన్నాడంట బాబూ. ఇంక ఎవుడికి రిపోర్టు సెయ్యాల?"

పొద్దున్న లేచేసరికి ఆమె రెండు చేతులూ బిగుసుకుపోయి ఉండేవి. పిడికిలి పడేది కాదు, పడితే విడేది కాదు. మా ఆవిడ వెడల్పాటి గిన్నెలో వేడినీళ్ళు పెట్టి ఇచ్చేది. అందులో చేతులు ముంచుకుని గంట, గంటన్నర కూర్చుంటే నెమ్మదిగా వేళ్ళు కదిలేవి. చలికాలం ఇంకా ఆలస్యం.

అప్పట్లో మా ఆదివారం ఆరాధన ఎనిమిదింటికి ఉండేది. హార్మోనియం లేకుండా నాలుగు వారాలు పాడాం. తలో దారీ పట్టింది పాట. అయిదో వారం మా సంఘంలో అందరికంటే ముసలాయన లేచి, "దేవుడికి తొందరేటి? ఆయన ఎక్కడికీ ఎల్లిపోడు, మనకీ ఈరోజు డ్యూటీ లేదు. టీచరమ్మ వేళ్ళు విడిన కాడికి మొదలెడదుం" అన్నాడు. అంతే, ఆరాధన పదకొండు గంటలకి మారింది. ఆమె పది గంటలకే మందిరానికి వచ్చేసేవారు. హార్మోనియం పక్కన బల్ల మీద గిన్నె, అందులో ఆమె చేతులు, మేమందరం కబుర్లు చెప్పుకుంటూ ఎదురుచూడడం. పదకొండున్నర అయినా ఎవరూ గడియారం చూసేవారు కాదు. లిలువా నుంచి మా ఆరాధనకి వచ్చిన రైల్వే తెలుగువాళ్ళెవరైనా "ఏటి ఇంకా మొదలవలేదా?" అని అడిగితే, "మా కాడ ఇంతే" అనేవాళ్ళం. అందులో కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

వేళ్ళు విడిన వేళ నేను పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఒకసారి ఆమె చూసేశారు.

"నా వేళ్ళకి కూడా హాజరు పట్టీ ఏస్తన్నావేటి?"

"ఊరికేనండి."

"ఊరికే కాదు. ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాయి. సిగ్గొచ్చి రేపు బేగి లెగుస్తాయి."

పాట నేర్పేటప్పుడు పిల్లలకి ఒకే మాట చెప్పేవారు. "సురం తప్పితే మల్లీ పట్టుకోవచ్చు. గాలి మాత్రం ఆపకండి."

ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్ళిన ఆ ఆదివారం బంద్ కాదు. వాన లేదు. బస్సులు తిరుగుతున్నాయి. ఇది ఎందుకు రాస్తున్నానంటే, కారణం ఎక్కడో బయట దొరికితే బాగుండునని నేను చాలా వెతికాను.

చలికాలమని ఆ వారం ఆమె తొమ్మిదింటికే వచ్చి గిన్నెలో చేతులు పెట్టుకున్నారు. పది దాటాక చేతులు తుడుచుకుని హార్మోనియం ముందుకి జరిగారు. ఎడమచెయ్యి తిత్తి మీద వేశారు. అది మామూలుగానే ఆడింది. కుడిచెయ్యి మెట్ల మీద పెట్టారు. అది కదలలేదు. పెట్టెలోంచి గాలి చప్పుడు తప్ప సురం లేదు. ఆమె తన చేతి వంక చూశారు, హాజరు పిలిస్తే పలకని పిల్లవాడి వంక చూసినట్టు. ఏదో అన్నారు. మాట ముద్దగా వచ్చింది. ఆమెకి బుగ్గన లవంగం పెట్టుకునే అలవాటు. అదే అనుకున్నాం.

"నీళ్ళు సల్లారిపోనాయి, అందుకే. మల్లీ కాస్తాను" అని మా ఆవిడ లేచింది.

"కంగారెట్టకండి టీచరమ్మని" అన్నాడు ముసలాయన. "సలికాలం కదా. విడుతాయి."

నేను పుస్తకం తీసి రాశాను: పది పది. కుడిచెయ్యి విడలేదు.

రెండో గిన్నె పెట్టాం. మూడో గిన్నె పెట్టాం. పిల్లల్ని అల్లరి చెయ్యొద్దని మందలించాం. ఒకళ్ళం కూడా విసుక్కోలేదు. పన్నెండేళ్ళుగా నేర్చుకున్న ఓపికంతా ఆ రోజు ఆమె ముందు పెట్టాం. పన్నెండున్నరకి ఆమె హార్మోనియం మీదకి ఒరిగిపోయారు. లేవనెత్తినప్పుడు చూశాం, మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. ఎడమచెయ్యి ఇంకా తిత్తి మీదే ఉంది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బెంగాలీలో అడిగాడు, "ఎన్నింటికి మొదలైంది, దాదా?" నేను జేబులోంచి పుస్తకం తీసి, పది పదికి అన్నాను. అతను గోడ గడియారం చూశాడు. రెండు కావస్తోంది. పాత కీళ్ళజబ్బే అనుకున్నామని చెప్పాం.

"పాత జబ్బు ఏ చేతికి ఉండేది?"

"రెండిటికీ. ఎప్పుడూ రెండిటికీ కలిసే."

"మరి ఒక్క చెయ్యే పడిపోతే..." అని ఆగిపోయాడు. మంచివాడు. ఆ మాట పూర్తి చెయ్యలేదు.

తరవాత నన్ను వరండాలో కూర్చోబెట్టి చెప్పాడు. ఆ జబ్బు మంట కీళ్ళలోనే ఆగదట. ఏళ్ళ తరబడి లోపల రగులుతుంటే రక్తనాళాల గోడల్ని కూడా పాడుచేస్తుంది, నెత్తురు గడ్డకట్టి మెదడుకి దారి మూసేస్తుంది. అందరికీ అలా అవదు గాని, ఆ జబ్బున్నవాళ్ళకి మిగతావాళ్ళకన్నా ఆ ప్రమాదం ఎక్కువ. వేళ్ళ సంగతి చూసుకున్నాం గాని రక్తపోటు ఎంతుందో ఎవరూ చూపించలేదు. ముందే తీసుకొస్తే బతికేవారా అని అడిగాను. "చెప్పలేను దాదా. చెయ్యగలిగింది ఇంకొంచెం ఉండేదేమో" అన్నాడు.

ఆమె పోయాక హార్మోనియం పెట్టెలో, పాటల పుస్తకం కింద కీళ్ళజబ్బు మాత్రలు దొరికాయి. వారానికోసారి, శనివారం వేసుకోవలసినవి. చాలా వారాలవి అలాగే ఉన్నాయి. వేసుకుంటే మర్నాడంతా వికారంగా ఉంటుందని మా ఆవిడతో ఎప్పుడో అన్నారట. ఆ మర్నాడు ఆదివారం. రోజు మార్చుకోవచ్చేమో డాక్టరుని అడగండి అని ఆమెకి చెప్పే మనిషి లేకపోయాడు. గోడ అవతలే నేనున్నాను.

ఇది చదివేవాళ్ళకి నేను పాఠం చెప్పేంతవాణ్ణి కాదు. ఒక్క మాట. పాత జబ్బు మనిషిలో ఒక రోజు కొత్త తేడా కనిపిస్తే, ఒక్క పక్కే పడిపోతే, మాట ముద్దగా వస్తే, పాత జబ్బేనని కూర్చోకండి. మేం ప్రేమగానే కూర్చున్నాం.

సమాధి కార్యక్రమం అయ్యాక, ఆరాధన మళ్ళీ ఎనిమిదింటికి మారుద్దామా అని పాస్టరుగారు అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మొన్న ఆదివారం మా ఆవిడ, ఏ ధ్యాసలో ఉందో, గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి హార్మోనియం పక్కన బల్ల మీద పెట్టింది. పెట్టాక చూసుకుని అక్కడే నిలబడిపోయింది. తియ్యమని ఎవరూ అనలేదు. పదకొండయింది. పాట ఎవరూ ఎత్తుకోలేదు. గిన్నెలో ఆవిరి తగ్గేదాకా అందరం అలాగే కూర్చున్నాం.