అవ్వ కోడి, నేను అన్నం వేసిన కుక్క

కర్నూల్లో నేను బాడుగకున్న ఇల్లు ఒక అవ్వది. ముందు గది నాది, వెనక రెండు గదులూ ఆమెవి. మా ఆయన ఉద్యోగం కమలాపురంలో, ఆదివారాలు మాత్రం వచ్చిపోయేవాడు. నేను ఒక కాలేజీ ఆఫీసులో పనిచేసేదాన్ని. అది అడ్మిషన్ల కాలం. సాయంత్రం ఇల్లు చేరేసరికి కాళ్లు పీకేవి. మిగిలిన అన్నం గేటు దగ్గరే ఒక వీధికుక్కకు వేసేదాన్ని. దయతో కాదు, పారేయడానికి వీధి చివరిదాకా నడవలేక.

ఒకరోజు పొద్దున ఆ కుక్కే లోపలికొచ్చి అవ్వ పెంచుకునే ఎర్రకోడిని పట్టుకుంది. పళ్లు తోముకుంటున్నదాన్ని బకెట్ నీళ్లు కుక్క మీద కుమ్మరించాను. కోడిని వదిలి పారిపోయింది. కోడి వీపు మీద అరచేయంత తోలు లేచిపోయింది, ఒక రెక్క వేలాడుతోంది. అవ్వ గడపలో కూలబడింది.

"నువ్వేసే అన్నానికే గదా పాపా, అది ఈడికి మరిగింది" అంది. తిట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

ఆఫీసుకు సగం రోజు సెలవు చెప్పి, కోడిని గంపలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పోయాను. డాక్టరు గాయం కడిగి, రెక్క కట్టి, పూతమందు ఇచ్చాడు. రెండు పూటలా ఉప్పునీళ్లతో కడగమన్నాడు, ఈగ వాలితే పురుగు పడుతుంది, పురుగు పడితే బతకదన్నాడు. అవ్వకు దగ్గరి చూపు లేదు, చేతులు వణుకుతాయి. ఆ పని నా మీదే పడింది.

అప్పటినుంచి గంట ముందే లేచేదాన్ని. కోడిని తువ్వాలులో చుట్టి మోకాళ్ల మధ్య పెట్టుకుని గాయం కడిగి, మందు రాసి, పలచటి రాగిజావ చుక్కచుక్కగా ముక్కులో పోసేదాన్ని. సాయంత్రం మళ్లీ అదే పని. నాలుగో రోజు రెండు పురుగులు కనబడితే పట్టకారుతో తీశాను. ఆ రోజు బస్సులో నిలబడి, నేను తిరిగొచ్చేలోపు ఇది చచ్చిపోతే బాగుండు అనుకున్నాను. ఫోనులో మా ఆయన, ఇంకో కోడిని తెచ్చిస్తే పోలేదా అన్నాడు. ఫోను పెట్టేశాను.

ఎనిమిదో రోజు పొద్దున మందు రాస్తూ రాస్తూ గోడకానుకుని నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి కోడి అవ్వ ఒళ్లో ఉంది.

"పోయి పండుకో పాపా. ఈ పూట నేను చూస్తా."

"మీకు కండ్లు ఆనవు గదవ్వా."

"చేతికి తెలుస్తాది లే."

వేళ్లతో తడుముకుంటూ, వణుకుతూనే మందు రాస్తోంది. నేను పోయి పడుకున్నాను. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యంగా పోయి మాటలు పడ్డాను. ఆనాటినుంచి పొద్దుటి పూట ఆమెది, సాయంత్రం నాది.

కోడి బతికింది. మూడో వారానికి నడిచింది. రెక్క కిందికి వాలిపోయే ఉండేది, వీపు మీద ఈకలు మళ్లీ రాలేదు, గుడ్లు పెట్టడం మానేసింది. కుక్కకు నేను అన్నం వేయడం మానేశాను. కొన్నాళ్లు సాయంత్రాలు గేటు బయట కూర్చుని చూసేది, నేను తల వంచుకుని లోపలికి పోయేదాన్ని. తర్వాత రావడం మానేసింది. నా అన్నానికే కుక్క మరిగిందన్న మాట అవ్వ మళ్లీ ఎత్తలేదు.

ఒక ఆదివారం మా ఆయన వచ్చి, వాకిట్లో కోడిని చూసి, బతికిందే అన్నాడు. ఊ అన్నాను. సంతోషం లేక కాదు, చెప్పే ఓపిక లేక.