అతిమధురం మందెట్లవుతాది మేడం?

పాము కరిచి ఆస్పత్రి పాలైన వాళ్లను మీరు చూసే ఉంటారు. లారీ గుద్ది మంచం పాలైన వాళ్లనూ చూసి ఉంటారు. తియ్యటి వేరు ముక్క చప్పరించి, చేతికొచ్చిన ఉద్యోగాన్నీ దాంతోపాటు ప్రాణాన్నీ పోగొట్టుకోబోయిన మహానుభావుణ్ణి మాత్రం చూసి ఉండరు. ఆ మహానుభావుడు నేనే, పేరు పంపాపతి. మీరు హాయిగా నవ్వుకోండి. అప్పట్లో నాకు మాత్రం నవ్వు రాలేదు, చెమటలు పట్టాయి.

మాది బళ్లారి దగ్గర మోక. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని మీరంతా సామెత చెప్పుకుంటారు గానీ, ఆ రోజుల్లో మా జిల్లాలో కొండను తవ్వినవాడికల్లా లారీ దొరికేది. సండూరు కొండల్లోని ఇనుపరాయికి అంత గిరాకీ. మొన్నటిదాకా మిరప చేలో కలుపు తీయించిన మా అక్క మొగుడు తిమ్మప్ప బావ కూడా రెండు లారీల యజమాని అయ్యాడు. నేను డిగ్రీ చదివి, రోడ్డు పక్కన రాయి పోగుపోసే ప్లాటులో లారీలకు చీటీలు రాసిచ్చేవాణ్ణి. పొద్దున తెల్ల చొక్కాతో వెళ్లి సాయంత్రం ఎర్ర చొక్కాతో వచ్చేవాణ్ణి. ఆ దుమ్ముతో పాటు ఒక దగ్గు కూడా మా ఇంటికొచ్చి కాపురం పెట్టింది.

అట్లాంటి నాకు కొండ మీద ఒక గని కంపెనీలో సూపర్‌వైజరు ఉద్యోగం వచ్చింది. పర్మనెంటు, పైగా క్వార్టర్సు. నా వయసు హద్దు దాటడానికి ఇంక కొన్ని నెలలే ఉన్నాయి కాబట్టి ఇది పోతే మరొకటి లేదు. ఆర్డరులో నెలన్నర గడువిచ్చారు. ఆలోగా కంపెనీ డాక్టరు 'ఫిట్' అని రాసివ్వాలి, లేకపోతే ఉద్యోగం జాబితాలో నా తరువాతి వాడికి పోతుంది.

ఆర్డరు చూసి బావ నా భుజం తట్టాడు. అప్పుడే నేను దగ్గాను.

"బామ్మర్దీ, మెడికల్లో ఇట్ల దగ్గినావంటే కత అయిపాయ. టీబీ అని రాసి ఇంటికి తోలేస్తారు."

"నిజమా బావా? ఎవురు చెప్పినారు?"

"మా లారీ డ్రైవరు చెప్పినాడు."

మా వైపు డ్రైవరు మాటకు అప్పీలు లేదు. మరునాడే బళ్లారి బజారుకు పోయి, వేర్లూ చెక్కలూ అమ్మే శెట్టి అంగట్లో నిలబడ్డాను.

"శెట్టీ, దగ్గు నిలబెట్టేది ఏమన్నా ఉండాదా? ఇంగ్లీషు మందు వద్దు. రక్తపరీక్షలో దొరికిపోతా."

"అతిమధురం తీస్కపోప్పా. ముక్క దవడన పెట్టుకుంటే చాలు, దగ్గు నోరు మూసుకోని సుమ్నె కూచుంటాది."

"ఎక్కువైతే ఏమన్నా అవుతాదా?"

"చెట్టు ఏరప్పా అది! చెట్టుకే ఏం కాలేదు, నీకేమవుతాది?"

గన్నేరు కూడా చెట్టేనని ఆ క్షణంలో నాకు తట్టలేదు. పెద్దలు పేరులోనే 'అతి' అని హెచ్చరించి పెట్టినా నా చెవికి మధురం ఒక్కటే వినిపించింది. ఒక పెద్ద కట్ట కట్టించుకుని ఇంటికొచ్చాను.

శెట్టి చెప్పింది అబద్ధం కాదు. దగ్గు నిజంగానే తగ్గింది. తగ్గిందన్న ధైర్యంతో ఒక ముక్క నాలుగైంది. మళ్లీ వస్తుందేమోనన్న భయంతో నాలుగు పన్నెండయ్యాయి. ఇది చాలదని అమ్మ పూటకో చెంబు కషాయం కాచి పోసేది. మూడు వారాలకు నా మొహం గుండ్రంగా తేలింది, చెప్పులు బిగుసుకుపోయాయి. అమ్మ మెటికలు విరిచి దిష్టి తీసింది.

"ఉద్యోగం కళ వచ్చేసిందిరా నాయనా నీకు!" అంది.

ఆ కళ అసలు సంగతి కంపెనీ ఆస్పత్రిలో తెలిసింది. డాక్టరమ్మది ధార్వాడ వైపు, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుంది. ఎక్స్‌రే చూసి బాగుందంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తరువాత చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. మళ్లీ చూసింది. రెండో చేతికి మార్చి ఇంకోసారి చూసింది.

"ఏనప్పా, నూట అరవై నాలుగు, నూట నాలుగు! నీ వయసుకు ఇదేమి బీపీ? మందులేమన్నా వాడతావా?"

"లేదు మేడం, ఒక్క మాత్ర కూడా మింగను."

అబద్ధం చెప్పానని మీరు అనుకోవద్దు. వేరును మందుల లెక్కలో ఎవరైనా వేస్తారా? అట్లైతే మా వంటింటికి లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది.

"టెన్షన్ ఇరబేకు, అదే అయ్యుంటాది. టెన్షన్ పడకుండా, ఉప్పు తగ్గించి నాలుగు రోజులకు రా. అప్పుడూ ఇట్లే ఉంటే ఫిట్ అని రాయలేను."

టెన్షన్ పడొద్దని చెప్పి పంపడం కంటే టెన్షన్ పెట్టే పద్ధతి ఇంకోటి లేదు. ఆ నాలుగు రోజులూ కన్ను మూస్తే చాలు, నా క్వార్టర్సులో నా తరువాతి వాడు పాలు పొంగిస్తున్నట్టు కనిపించేది. అన్నంలో ఉప్పు మానేశాను. దడ తగ్గడానికి ఏదో ఒకటి నమలాలి కదా, అతిమధురం రెట్టింపు చేశాను. తల పగిలిపోయేది. మెట్లెక్కితే తొడలు వణికేవి. నిజంగానే నాకేదో పెద్ద రోగం ఉందనీ, ఉద్యోగం కాదు, మనిషినే దక్కననీ భయం పట్టుకుంది. అమ్మకు చెప్పలేదు. బావకు మాత్రం చెప్పాను.

"అతిమధురం చాలినంత తింటాండావా లేదా?" అన్నాడు బావ.

నాలుగో రోజు డాక్టరమ్మ గది గుమ్మం ముందు కూర్చున్నప్పుడు గొంతులో గరగర మొదలైంది. గబుక్కున ఒక ముక్క దవడన పెట్టుకుని లోపలికి వెళ్లాను.

"బల్ల మీద పడుకో" అంది డాక్టరమ్మ.

కాలెత్తానో లేదో, పిక్క పట్టేసింది. కాలిని ఎవరో పట్టుకుని బట్ట పిండినట్టు పిండారు. "అమ్మా!" అని నేను నోరు తెరిచిన దెబ్బకు దవడలోని ముక్క ఎగిరి వెళ్లి ఆమె బల్ల మీద, నా మెడికల్ ఫారం మీదే పడింది.

ఆమె దాన్ని పెన్ను మొనతో కదిలించి చూసింది.

"ఏంది ఇది?"

"అతిమధురం మేడం."

"రోజుకు ఎంత నములుతాండావు?"

"ఎక్కువేం లేదు మేడం. పిడికెడు. మల్ల మూడు చెంబుల కషాయం."

"అయ్యో పుణ్యాత్మా! మందులు వాడతావా అని అడిగితిని కదప్పా!"

"అతిమధురం మందెట్లవుతాది మేడం? ఏరు కదా!"

ఆమె నెత్తి కొట్టుకోలేదు గానీ, ఆ పని చేయబోయి ఆగినట్టు కనిపించింది.

"మూత్రపిండాల మీద చిన్న గ్రంథులుంటాయి. ఒంట్లో ఉప్పు ఎంత నిలపాలో వాటి హార్మోను చెప్తాది. నీ ఏరు ఆ హార్మోను ఏషం కట్టి లోపల కూచునుండాది. ఉప్పూ నీళ్లూ బయటికి పోనీదు, పొటాషియం నిలవనీదు. అందుకే ఈ వాపు, ఈ బీపీ, ఈ పిక్క. ఇంకా నమిలుంటే గుండె తాళం తప్పేది. అర్థమాయితా?"

అర్థమైంది. అంతకు ముందు పట్టింది భయమని అనుకున్నాను గానీ, అసలు భయం అప్పుడు పట్టింది. రక్తం పరీక్ష చేస్తే ఆమె చెప్పినట్టే పొటాషియం అడుగంటింది. రెండు రోజులు ఆస్పత్రి మంచం మీదే ఉంచి మందు పోశారు. చూడ్డానికొచ్చిన బావ సంచిలో అతిమధురం తెచ్చాడు. సిస్టరు సంచిని, దానితో పాటు బావనూ బయటికి పంపింది.

గడువుకు ఇంక పదహారు రోజులు. ముక్క ముట్టలేదు. రోజురోజుకూ వాపు దిగింది, దగ్గు మాత్రం బాకా పట్టుకుని తిరిగొచ్చింది. బీపీ తగ్గించుకుంటే దగ్గు, దగ్గు ఆపుకుంటే బీపీ. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే.

చివరి రోజు ఊపిరి బిగబట్టి కుర్చీలో కూర్చున్నాను. పట్టీ బిగిసింది, వదిలింది.

"నూట ఇరవై నాలుగు, ఎనబై" అని డాక్టరమ్మ ఫారం ముందుకు లాక్కుంది. పెన్ను మూత తీసింది. సరిగ్గా అప్పుడు, పొద్దున్నుంచీ అణచిపెట్టిన దగ్గంతా వడ్డీతో సహా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. కర్చీఫు కుక్కుకున్నా ఆగలేదు. కళ్లలో నీళ్లు కారాయి. ఆమె పెన్ను గాల్లో ఆగిపోయింది. నా ఉద్యోగం అయిపోయింది అనుకున్నాను.

నేను ఆగేదాకా ఆమె ఆగింది. తరువాత తనూ రెండు సార్లు ఖంగు ఖంగుమని దగ్గి, నీళ్లు తాగి, 'ఫిట్' అని రాసి సంతకం పెట్టింది.

"మేడం... దగ్గు?" అన్నాను.

"దగ్గుకు ఎవుర్నీ తీసేయరప్పా. ఈ కొండ మీద దగ్గనోడు వస్తేనే నాకు అనుమానం. మొన్న నువ్వు వచ్చి ఒక్కసారీ దగ్గకపోతే అనుకుంటి, వీడేదో దాస్తాండాడని."

ఆనాడు ఆ ఆస్పత్రి మెట్ల మీదే, ఎర్ర దుమ్ము సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట ఏ డాక్టరు 'ఏమన్నా వాడతావా' అని అడిగినా ఏదీ దాచను. కాఫీలో శొంఠి, రసంలో మిరియం, పాలలో పసుపు, తాంబూలంలో ఏలకి, అన్నీ విన్నవించుకుంటాను. ఆ ప్రమాణాన్ని ఇప్పటికీ తప్పలేదు. మొన్న కళ్లజోడు కోసం వెళితే కూడా మొదలుపెట్టాను. మెంతుల దగ్గరికి వచ్చేసరికి ఆ కళ్ల డాక్టరు రెండు చేతులూ జోడించి, "పెద్దాయనా, చాలు. ఆ బోర్డు మీది అక్షరాలు చదువు" అన్నాడు.